ఎసరు, ఆవిరి, మూత

వంటయింట దినదినము జరుగు పనులను మనము చూచుచునే యుందుము గాని, అవి యట్లేల జరుగుచున్నవని విచారించువారు తక్కువ. పొయ్యిపై నెసరు తెర్లును. మూత దడదడలాడును. పప్పు ఒకచోట త్వరగా నుడుకును, మరియొకచోట ఎంతసేపటికిని మెత్తబడదు. కుక్కరు ఈల వేయును. వేడివేడి పులుసు పోసి బిగించిన క్యారేజీగిన్నె పొలమునకు బోవునప్పటికి మూత యూడిరాదు. ఇవి యన్నియు వేర్వేరు సంగతులుగా దోచును గాని, వీనికి మూల మొక్కటియే. అది గాలి ఒత్తిడి.

ఈ మాసపు పాఠములో ఆ యొత్తిడిని గూర్చియు, దానికిని వేడిమికిని గల సంబంధమును గూర్చియు సభ్యులకు దెలుప నెంచితిమి. దీనివలన రెండు లాభములు గలవు. వంటచెరకును, గ్యాసును మిగులుట యొకటి. ప్రెషర్ కుక్కరులవలని ప్రమాదములు తప్పుట రెండవది. వంట ఆడువారి పని యనుకొని మగవా రీపుటను త్రిప్పివేయరాదు. సిలిండరునకు బోవు సొమ్ము ఇంటి యుమ్మడి పద్దులోనిదే గదా.

గాలికి బరువు గలదు

గాలి కంటికి గానరాదు గనుక దానికి బరువు లేదని తలంతుము. అది నిజము కాదు. మన తలలపై అనేక కిలోమీటర్ల యెత్తువరకు గాలి నిండియున్నది. ఆ గాలియంతయు క్రిందనున్న వస్తువులను నొక్కుచున్నది. సముద్రమట్టమున ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై నీ యొత్తిడి ఇంచుమించు ఒక కిలో బరువునకు సమానము. అనగా, చాచిన చేతిపై నూరు కిలోలకు మించిన బరువు పడుచున్నదన్నమాట. అట్లయిన చేయి వంగిపోదేమి? క్రిందనుండియు గాలి అంత బలముతోనే పైకి నొక్కుచున్నది గనుక మనకు తెలియదు.

ఈ సంగతిని 1643వ సంవత్సరమున ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు టారిచెల్లి తేటపరచెను. ఒకకొన మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందుగా నిలిపినప్పుడు, గొట్టములోని పాదరసము పూర్తిగా దిగిపోక, ఇంచుమించు 76 సెంటీమీటర్ల యెత్తున నిలిచిపోయినది. తొట్టిలోని పాదరసమును బయటిగాలి నొక్కుటయే దీనికి కారణము. తరువాత 1648లో ఫ్రాన్సు దేశమున, పాస్కలు అను పండితుని కోరికపై, ఆయన బావగారైన పెరియే అట్టి గొట్టమును ఒక పర్వతశిఖరమునకు గొనిపోయి చూడగా, పాదరసము సుమారు 8 సెంటీమీటర్లు దిగినది. ఎత్తునకు బోయినకొలది పైనున్న గాలి తగ్గును; గాలి తగ్గినకొలది యొత్తిడియు తగ్గును.

రైతుల కిది క్రొత్త సంగతి గాదు. బావిగట్టున నిలిపిన పంపు పది మీటర్లకు మించిన లోతునుండి నీటిని పీల్చజాలదు. పనిలో ఏడెనిమిది మీటర్లే మేలు. పంపు గొట్టములోని గాలిని లాగివేయును. అంతట బయటిగాలి నీటిని పైకి నెట్టును. ఆ గాలి బలము పది మీటర్ల నీటికంబమును మాత్రమే మోయగలదు. బావిలో పనిచేయు నీ గాలియే మన గిన్నెలపైనను పనిచేయుచున్నది.

నీరెప్పుడు తెర్లును?

నీటినుండి ఆవిరి యెల్లప్పుడును లేచుచునే యుండును. తడిబట్ట యారుట అందువలననే. నీరు కాగినకొలది ఈ యావిరికి బలము హెచ్చును. ఆ బలము బయటిగాలి యొత్తిడితో సమమగువరకు నీటి లోపల బుడగ నిలువజాలదు. గాలి దానిని నలిపివేయును. సమమైన తోడనే గిన్నె యడుగునుండి బుడగలు లేచి, పైకి వచ్చి పగులును. దీనినే తెర్లుట, లేక మరుగుట యందుము. సముద్రమట్టమున ఇది 100 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద జరుగును.

కావున నీటికి 100 డిగ్రీలు సహజమైన హద్దు కాదు. గాలి పెట్టిన హద్దు. గాలి యొత్తిడి తగ్గిన హద్దు దిగును, హెచ్చిన హద్దు పెరుగును. ఈ యొక్క సూత్రమును మనసున బెట్టుకొన్నచో మిగిలిన పాఠమంతయు సులభము.

మంట హెచ్చించిన ఏమగును?

ఎసరు తెర్లుచుండగా మంట నింకను హెచ్చించినచో అన్నము త్వరగా నుడుకునని పలువురి నమ్మకము. అది నిజము కాదు. తెర్లు నీరు మెల్లగా తెర్లినను, కుతకుతలాడినను, దాని వేడిమి యొక్కటియే. హెచ్చించిన మంట నీటిని వేడిచేయదు. ఆవిరిగా మార్చి యింటికప్పునకు బంపును.

ఈ నష్టమెంతయో లెక్క చూతము. ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు దెచ్చుటకు 70 కిలోకెలోరీల వేడి చాలును. అదే లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు మరి 540 కిలోకెలోరీలు గావలయును. అనగా ఇంచుమించు ఎనిమిది రెట్లు. దినమునకు అరలీటరు నీరు వృథాగా ఆవిరియైన యెడల 270 కిలోకెలోరీలు పోయినట్లు. ఒక కిలో వంటగ్యాసు కాలిన సుమారు 11,000 కిలోకెలోరీలు పుట్టును. అందు పదింట ఆరుపాళ్లు గిన్నెకు జేరునని యెంచినచో, దినమునకు 41 గ్రాముల గ్యాసు వృథా. సంవత్సరమునకు లెక్కింప ఇంచుమించు 15 కిలోలు. ఇంటివాడకపు సిలిండరులో నుండు గ్యాసు 14.2 కిలోలే. కేవలము మంట తగ్గింపకపోవుటచేతను, మూత పెట్టకపోవుటచేతను ఏటికొక సిలిండరు గాలిలో గలిసిపోవుచున్నది.

ఎసరు తెర్లు బట్టినతోడనే మంట తగ్గించి, మూత పెట్టవలయును. అన్నమునకు గంజి వార్చక అత్తెసరు పెట్టుట మరియు మేలు. అవసరమునకు మించిన నీటిని కాచుటకు అయ్యెడి ఖర్చు తప్పును. గంజితో కొట్టుకొనిపోవు విటమినులును అన్నముననే నిలుచును.

ఎసరులో ఉప్పు వేసిన నీటి వేడిమి హెచ్చి పప్పు త్వరగా నుడుకునని మరికొంద రందురు. లీటరునకు పది గ్రాముల యుప్పు వేసినను తెర్లు వేడిమి ఒక డిగ్రీలో అయిదవ వంతైనను పెరుగదు. పప్పు ఉడుకకుండుటకు కారణములు వేరు. సున్నపుపాలు హెచ్చుగా గల బావినీరు, బోరునీరు పప్పును గట్టిపరచును. చింతపండు ముందుగా వేసినను అంతే. పప్పును నానబెట్టి, మెత్తబడిన తరువాతనే పులుపు వేయుట మన పెద్దలు చేయుచు వచ్చిన పద్ధతి. అది శాస్త్రసమ్మతమే.

కొండమీది వంట

ఎత్తునకు బోయినకొలది గాలి యొత్తిడి తగ్గునని పైన జెప్పితిమి. సుమారు 300 మీటర్ల యెత్తునకు ఒక డిగ్రీ చొప్పున నీటి తెర్లు వేడిమి దిగును. మచిలీపట్నమున 100 డిగ్రీలవద్ద తెర్లు నీరు, 500 మీటర్లకు పైనున్న హైదరాబాదున 98 డిగ్రీల దాపున తెర్లును. సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులో 97 డిగ్రీలు. లడఖులోని లేహ్ పట్టణము 3,500 మీటర్ల యెత్తున గలదు. అచ్చట 88 డిగ్రీలకే నీరు తెర్లును. అచ్చట మూతలేని గిన్నెలో పప్పు గంటలతరబడి తెర్లినను మెత్తబడుట కష్టము. నీరు తెర్లుచున్నదే గాని వేడిమి చాలదు. తెర్లుట వేరు, ఉడుకుట వేరు అనుట కింతకన్న మంచి నిదర్శనము లేదు.

మూత బిగించిన పాత్ర

గాలి యొత్తిడి తగ్గిన వేడిమి తగ్గునట్లే, ఒత్తిడి హెచ్చించిన వేడిమి హెచ్చవలయును గదా. ఈ యూహతోనే డెనిస్ పాపిన్ అను ఫ్రెంచివాడు 1679లో లండను నగరమున గట్టిమూత గల ఇనుపపాత్ర నొకదానిని సిద్ధపరచి రాయల్ సొసైటీవారికి జూపెను. అందు ఎముకలుకూడ మెత్తబడినవి. 1682లో ఆ సొసైటీ సభ్యులకు ఆ పాత్రలో వండి విందు పెట్టినట్లును గలదు. పాత్ర పగులకుండుటకై ఆయన యొక చిన్న రంధ్రము నుంచి, దానిని బరువుతో నొక్కియుంచెను. ఆవిరి మితిమీరిన బరువు లేచి ఆవిరి బయటపడును. నేటి కుక్కరుపై ఈల వేయు బరువు దాని సంతతియే.

ఆ చిన్న బరువు పనిచేయు విధమును లెక్కవేసి చూడుడు. ఆవిరిగొట్టపు రంధ్రము 3 మిల్లీమీటర్ల వ్యాసము గలదనుకొందము. దాని వైశాల్యము 0.07 చదరపు సెంటీమీటరు. దానిపై 70 గ్రాముల బరువు నుంచినచో, లోని యావిరి బయటిగాలికన్న చదరపు సెంటీమీటరునకు ఒక కిలో హెచ్చుబలము పొందినగాని ఆ బరువును లేపజాలదు. అంత యొత్తిడిలో నీరు 120 డిగ్రీలవరకు తెర్లకుండ కాగును. ఈ యిరువది డిగ్రీల భేదముచేతనే గంట పట్టు పప్పు పాతికనిమిషములలోపల నుడుకుచున్నది.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: ఒక కుక్కరు బరువును మరియొక కుక్కరునకు పెట్టరాదు. రంధ్రమును బరువును ఒకదానికొకటి సరిపడ చేసియుందురు. బరువు రెట్టింపైన లోని యొత్తిడియు రెట్టింపగును. రెండవది: ఈలలు లెక్కించుట సరియైన కొలత గాదు. మొదటి యీల ఒత్తిడి నిండినదనుటకు గుర్తు. అటుపిమ్మట మంట పెద్దదిగా నుంచిన ఈలలు హెచ్చును గాని వేడిమి హెచ్చదు. నీరును గ్యాసును పోవును. మొదటి యీల కాగానే మంట తగ్గించి, నిమిషములను లెక్కింపవలయును.

మూతపై నెంత బలము?

కుక్కరుమూత వ్యాసము 20 సెంటీమీటర్లనుకొన్నచో, వైశాల్యము 314 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై కిలో చొప్పున, ఆవిరి యా మూతను 314 కిలోల బలముతో బయటికి నెట్టుచుండును. మూడు క్వింటాళ్ల ధాన్యపు బస్తాలు మూతపై నుంచినగాని అది సమముగా నిలువదన్నమాట. ఆ బలము పోకమునుపే మూతను గుంజి తీయజూచువా రెంతటి యాపదతో చెలగాటమాడుచున్నారో దీనివలన తెలియును.

ఆపద మూత యెగురుటతో ముగియదు. లోపల 120 డిగ్రీలవద్ద నున్న నీరు, ఒత్తిడి చటుక్కున పోయినతోడనే 100 డిగ్రీలకు దిగవలయును. మిగిలిన వేడి అంతయు నీటిలో కొంతభాగమును ఒక్కక్షణమున ఆవిరి చేయును. లీటరు నీటికి సుమారు 37 గ్రాములు ఆవిరియగును; అది 60 లీటర్లకు మించిన చోటు నాక్రమించును. ఆ యావిరి పప్పును, చారును వెంటగొని ముఖముపై జిమ్మును. కాలిన గాయములలో నిది మిక్కిలి దారుణమైనది. కావున ఈ క్రింది నియమములను ప్రతి గృహమునను పాటింప వేడుచున్నాము.

1. నీరు లేక కుక్కరును పొయ్యిపై నుంచరాదు.

2. పప్పు, బియ్యము వంటి పొంగు పదార్థములను సగమునకు మించి నింపరాదు. తక్కినవానిని మూడింట రెండు పాళ్లకు మించి నింపరాదు.

3. ప్రతిదినము ఆవిరిగొట్టమును వెలుతురునకు బట్టి చూడవలయును. పప్పుపొట్టు అడ్డుపడిన గొట్టము, మూయబడిన తలుపువంటిది.

4. బరువు విడిగానుండు కుక్కరులలో, గొట్టమునుండి ఆవిరి ధారగా వచ్చిన తరువాతనే బరువు నుంచవలయును. లోని గాలి పోయినగాని వేడిమి నిండదు.

5. రబ్బరుపట్టీ గట్టిపడినను, బీటలిచ్చినను మార్చవలయును. సేఫ్టీవాల్వు ఒకసారి కరిగిపోయిన ఆ కుక్కరు చేసినవారి వాల్వునే మరల వేయింపవలయును. మేకు, నాణెము, సీసము మున్నగువానితో పూడ్చుట ప్రాణాపాయము.

6. బరువును మెల్లగా లేపి చూచి, బుస్సుమను చప్పుడు పూర్తిగా ఆగిన పిమ్మటనే మూత దీయవలయును. రాకపోయిన బలవంతము చేయరాదు, ఇంకొంతసేపు వేచియుండవలయును.

ఇంటివాడకపు ప్రెషర్ కుక్కరులకు భారత ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 2347 అను ప్రమాణము గలదు. 2021 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఈ ముద్ర తప్పనిసరి చేయబడినది. సంతలో వెల తక్కువ యని ముద్రలేని కుక్కరును దెచ్చుట, పగ్గము లేని యెద్దును దొడ్డిలో విడుచుటవంటిది.

చల్లారిన గిన్నె మూత

ఇప్పుడు పొలమునకు బోయిన క్యారేజీ సంగతి చూతము. వేడి పులుసు పోసినప్పుడు గిన్నెలోని గాలిలో చాలభాగము ఆవిరిచే నెట్టివేయబడును. మూత బిగించిన తరువాత గిన్నె చల్లారును. ఆవిరి మరల నీరై, మిక్కిలి తక్కువ చోటులో నిముడును. లోపల ఒత్తిడి తగ్గును. బయటిగాలి మాత్రము యథాప్రకారము నొక్కుచునే యుండును. పది సెంటీమీటర్ల వ్యాసము గల మూతపై, లోని యొత్తిడి సగమునకు తగ్గినచో, సుమారు 40 కిలోల బరువు పడినట్లగును. చేతితో నెట్లూడును?

రాతితో కొట్టి మూతను సొట్టలు పెట్టుట తెలివితక్కువ. గిన్నెను ఎండలోనో, వేడినీటిలోనో కొంతసే పుంచినచో లోని యావిరికి మరల బలము వచ్చి మూత వదులగును. మూత బిగించుటకు ముందు కొంచెము చల్లారనిచ్చిన ఈ బాధయే లేదు. కుక్కరు పూర్తిగా చల్లారిన పిదప మూత రాకుండుటకును ఇదియే కారణము. అప్పుడు బరువు నెత్తి గాలిని లోనికి రానిచ్చిన చాలును.

పేలాలు, పూరీ, బెల్లము

ఒక పాలు నీరు ఆవిరియైన సుమారు 1,670 పాళ్ల చోటు నాక్రమించును. నూనెమూకుటిలో పూరీ పొంగుట ఈ యావిరివలననే. కాగిన నూనె 180 డిగ్రీల దాపున నుండును. పిండిలోని తేమ తటాలున ఆవిరియై పై పొరను లేపును. తడిగరిటె నూనెలో ముంచిన చిటపటలాడి మీద జిందుటయు అందువలననే.

మన పొలములలో పండు మొక్కజొన్నలో పేలాలకు దగిన రకము గింజ యొక చిన్న కుక్కరు. దానిలో నూటికి 14 పాళ్ల తేమ యుండును. చుట్టును గట్టి పొట్టు మూతవలె నుండును. వేయించినప్పుడు లోని యావిరి సుమారు 180 డిగ్రీలవద్ద, గాలి యొత్తిడికి తొమ్మిదిరెట్ల బలము పొంది, పొట్టును చీల్చుకొని వెలువడును. అందువలన బాగుగా నెండి తేమపోయిన గింజయు, పొట్టు పగిలిన గింజయు పేలవు. ఆవిరికి దారిలేని పాత్ర యేమగునో గింజయే మనకు జూపుచున్నది.

బెల్లము వండు రైతులు మరియొక వింతను ఎరుగుదురు. చెరకురసము తొలుత 100 డిగ్రీలకు కొంచెము పైన తెర్లును. నీరు పోయి పాకము చిక్కబడినకొలది తెర్లు వేడిమి పెరుగుచు, దింపు సమయమునకు సుమారు 118 డిగ్రీలగును. ఇచ్చట ఒత్తిడి మారలేదు. పంచదార పాలు హెచ్చుటచే నీరు ఆవిరియగుట కష్టమైనది. పాకమును నీటిలో వేసి వ్రేళ్లతో ఉండచేసి చూచు నేర్పరి, తన కనుభవమైన గుర్తుతో ఈ వేడిమినే కొలుచుచున్నాడు. ఉష్ణమాపకయంత్ర ముంచుకొన్న క్రొత్తవారికిని ఆ పదును చిక్కును.

సంఘములు చేయదగిన పని

ఒక్కొక్కరు పట్టీకొరకు, వాల్వుకొరకు పట్టణమునకు బోవుట వ్యయము. అందువలననే పాతపట్టీతో కాలము గడుపుదురు, ప్రమాదములకు మూలమిదే. గ్రామసంఘములు సభ్యుల యిండ్లలోని కుక్కరుల రకములను వ్రాసికొని, సరిపడు రబ్బరుపట్టీలను, సేఫ్టీవాల్వులను, ఎరువులతోపాటు దుకాణమున నిలువయుంచిన మంచిది. పెట్టుబడి స్వల్పము, మేలు పెద్దది. సర్వసభ్యసమావేశమునాడు ఒక కుక్కరును తెచ్చి, గొట్టము, బరువు, పట్టీ, వాల్వు అందరికి చూపి, ఆడువారిచేతనే విప్పించి బిగింపించినచో ఈ వ్యాసముకన్న నెక్కువ బోధ కలుగును.

ప్రతి సభ్యుడును ఒక నెల తన యింట సిలిండరు పెట్టిన తేదీని, అయిపోయిన తేదీని గోడపై వ్రాయవలయును. తరువాతి సిలిండరునకు మూతయు, సన్నమంటయు పాటించి, మరల తేదీలు వ్రాయవలయును. రెంటికిని గల భేదమును మాకు దెలిపిన, ఆ లెక్కల నీ పత్రికయందు ప్రకటింతుము. ఒకరి యనుభవము పదుగురకు పనికివచ్చుటయే గదా సహకారము.

చదువరులు తమ పిల్లల నడుగదగిన ప్రశ్నలు

1. ఎసరు తెర్లుచుండగా మంట హెచ్చించిన అన్నము త్వరగా నుడుకునా? ఏల?

2. అరకులో పప్పు విశాఖపట్నముకన్న ఆలస్యముగా నుడుకుటకు కారణమేమి?

3. 24 సెంటీమీటర్ల మూతగల కుక్కరులో ఆవిరి మూతను ఎన్ని కిలోల బలముతో నెట్టును?

4. చల్లారిన క్యారేజీమూతను పట్టియుంచునది లోపలి వస్తువా, బయటి వస్తువా?